కుక్క కొరక్క మానదు.. ఏం కొరకాలో మనమే చూడాలి

పాతపట్నం: కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నారు పెద్దలు. మన ఇళ్లలో చూస్తే మాత్రం కాటు తింటున్నది చెప్పే. రాత్రి అరుగు కింద విడిచిన చెప్పుల జత తెల్లారేసరికి ఒంటి చెప్పుగా మిగులుతుంది. మంచం నవారు, పశువుల పలుపు, పిల్లల బడి సంచి.. కుక్కపిల్ల తిరిగే ఇంట్లో వీటిలో ఏదీ దక్కదు. ఇందుకు మనకు తెలిసిన వైద్యం ఒక్కటే. కర్ర అందుకోవడం.

కర్ర దెబ్బకు కుక్క మంచం కిందకు దూరుతుందేగాని కొరకడం మానదు. ఎందుకంటే అది దాని దురలవాటు కాదు, అవసరం. కుక్కపిల్లకు పాలపళ్లు 28. మూడో నెల దాటాక అవి ఒక్కొక్కటే ఊడి, ఏడో నెల వచ్చేసరికి వాటి స్థానంలో 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ నాలుగు నెలలూ చిగుళ్ల సలుపు భరించలేక దొరికిందల్లా నములుతుంది. పెద్ద కుక్క సంగతి వేరు. పగలంతా గొలుసుకు కట్టేసి, రెండు పూటలా ఇంత అన్నం పడేస్తే ఆ అన్నం తినడానికి దానికి రెండు నిమిషాలు చాలు. మిగతా కాలమంతా ఏం చేయాలి? మొరుగుతుంది, నేల తవ్వుతుంది, అందిన వస్తువు నములుతుంది. పని లేని నోరు ఊరుకోదు.

ఆ నోటికి పని కల్పించాలి. అయితే ఏ పని కల్పిస్తున్నామన్నది ముఖ్యం. ఇది తెలియక ఈ విలేకరి ఇంట్లోనే ఒక కుక్క పోయింది.

టైరు ముక్క తీసిన ప్రాణం

పశువుల సాలకు కాపలా ఉండే కుక్క అది. చెప్పులు పాడు చేస్తోందని పాత సైకిలు టైరు ఒకటి మూరెడు కోసి దాని ముందు పడేశాం. చెప్పుల జోలికి రావడం మానేసింది. మంచి ఉపాయం చేశామనుకున్నాం. రెండు వారాలు గడిచాయి. ఓ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు వాంతులు. వేడి చేసిందని మజ్జిగ పట్టాం. మూడో రోజు కడుపు ఉబ్బి లేవలేకపోతే అప్పుడు పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. ఆయన పొట్ట తడిమి, పేగులో ఏదో అడ్డుపడింది, ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేశారన్నారు. ఆ రాత్రే చనిపోయింది. ఇంటికొచ్చి సాలలో వెతికితే మూరెడు టైరులో జానెడు కూడా మిగల్లేదు.

టైరు కూడా రబ్బరే కదా అంటారు. కాదు. బండి బరువు మోయడానికి, రోడ్డు మీద అరగకుండా ఉండడానికి అందులో నల్లటి మసి పొడి, రసాయనాలు కలుపుతారు. లోపల నైలాను పోగులు, చాలా రకాల్లో ఇనుప తీగెలు ఉంటాయి. కుక్క పంటి కింద అది పెళ్లలుగా ఊడి వస్తుంది. ఊడినది మింగుతుంది. రబ్బరు కడుపులో అరగదు. చిన్న ముక్కలు దొడ్డికి పోతే పోవచ్చు. పెద్ద ముక్క పేగులో ఇరుక్కుంటే ప్రాణం మీదకే వస్తుంది.

ఒక్క టైరే కాదు. మన ఇళ్లలో కుక్కకు పడేసే మరికొన్ని వస్తువులకూ ఈ లెక్కే వర్తిస్తుంది. ఉడికిన కోడి ఎముక సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. వేసవిలో మామిడి టెంక, భాద్రపదంలో తాటి టెంక కుక్కలు ఇష్టంగా చీకుతాయి. మామిడి టెంకను మింగే కుక్కలూ ఉన్నాయి. కొబ్బరి డొక్క ఇస్తే పీచు ఉండలు కట్టి కడుపులో చేరుతుంది. రాళ్లు కొరికే కుక్కకు పళ్లు విరుగుతాయి. పిల్లలు ఆడుకునే చిన్న రబ్బరు బంతి గొంతుకు అడ్డం పడుతుంది.

వ్యాను విడి భాగం నుంచి బొమ్మ దాకా

మరి ఏమివ్వాలి? దీనికి దారి దొరికింది అమెరికాలో, అదీ అనుకోకుండా. కొలరాడో రాష్ట్రంలో జో మార్కమ్ అనే ఆయనకు ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ కుక్క ఉండేది. అది రాళ్లు నమిలి పళ్లు అరగదీసుకునేది. ఏమిచ్చినా మానలేదు. 1970 దశకంలో ఆయన తన ఫోక్స్‌వాగన్ వ్యాను బాగు చేసుకుంటూ, అందులోంచి ఊడదీసిన రబ్బరు భాగం ఒకటి పక్కన పడేస్తే, ఫ్రిట్జ్ రాయి వదిలేసి దాన్ని పట్టుకుంది. ఎంత నమిలినా అది చీలలేదు, పళ్లూ పాడు కాలేదు. ఆ ఆకారాన్నే తీసుకుని, కుక్కలకు పనికొచ్చే రబ్బరుతో బొమ్మ తయారు చేసి, 1976లో కాంగ్ అనే పేరుతో కంపెనీ పెట్టాడు. మూడు ముంతలు చిన్నది పైకి, పెద్దది కిందికి వచ్చేటట్లు పేర్చితే ఎలా ఉంటుందో ఆ బొమ్మ అలా ఉంటుంది. లోపల బోలు. అందులో తిండి కూరవచ్చు. ఈ తరహా బొమ్మలు ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికీ వస్తాయి.

‘కుక్కకు బొమ్మేటి బాబూ, మనుషులకే లేదు’ అని నవ్వేవారు ఊరూరా ఉంటారు. నవ్వవచ్చు. కాని బొమ్మ ఖరీదు, ఏడాదిలో కుక్క కొరికిన చెప్పుల ఖరీదు పక్కపక్కన వేసి చూస్తే నవ్వు ఆగుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

రబ్బరు బొమ్మలన్నీ ఒక్కటి కావు. రంగు చూసి కొంటే మోసపోతాం. కొన్ని పరీక్షలు దుకాణంలో నిలబడే చేయవచ్చు.

మొదటిది గోటి పరీక్ష. బొటనవేలి గోరు గట్టిగా నొక్కితే రబ్బరు కాస్త లోపలికి పోయి, తీయగానే మళ్లీ పైకి రావాలి. గోరు దిగకపోతే అది రాయితో సమానం. కుక్క దవడలో పెద్ద నమిలే పన్ను దాని మీదే విరుగుతుంది. గోరు దిగి అక్కడే గాటు పడిందంటే మరీ మెత్తన. నాలుగు రోజుల్లో ముక్కలవుతుంది.

రెండోది సైజు. బొమ్మ మొత్తం కుక్క నోట్లో పట్టకూడదు. కుక్కపిల్లకు కొన్నది అది పెద్దయ్యాక కూడా ఉంచితే ప్రమాదమే. రెండు సైజుల మధ్య అనుమానం వస్తే పెద్దదే కొనాలి.

మూడోది రంధ్రం. బోలు బొమ్మకు రెండు పక్కలా రంధ్రాలుండాలి. ఒక్కటే ఉంటే నాలుక లోపల పెట్టి పీల్చినప్పుడు గాలి ఆడక నాలుక అందులో పట్టేస్తుంది. నాలుక వాచి కుక్క నరకం చూస్తుంది. పెద్ద రంధ్రంలో కింది దవడ ఇరుక్కోకుండా కూడా చూసుకోవాలి.

నాలుగోది వాసన. పెట్రోలు, రసాయనాల ఘాటు కొడితే వద్దు. లోపల కీచుమనే పీక ఉన్నదీ వద్దు. దాన్ని పీకి మింగేదాకా కుక్క ఊరుకోదు.

కుక్క వయసు, బలం కూడా చూడాలి. పాలపళ్ల పిల్లకు మెత్తని రకం, ముసలి కుక్కకూ మెత్తనిదే. వయసులో ఉన్న కాపలా కుక్కకు గట్టి రకం. ఎంత గట్టిదైనా కలకాలం ఉండదు. వారానికోసారి చేత్తో వంచి చూడాలి. పగుళ్లు కనిపించినా, ముక్క ఊడినా మొహమాటం లేకుండా పారేయాలి. మా కుక్కకు ఇచ్చిన టైరును ఒక్కసారి ఇలా చూసి ఉంటే అది బతికేది.

కూరడంలోనే ఉంది కిటుకు

ఖాళీ బొమ్మ ఇస్తే కుక్క పది నిమిషాలు ఆడి వదిలేస్తుంది. తిండి కూరి ఇస్తే నాకుతూ, నములుతూ, దొర్లిస్తూ చాలాసేపు దానితోనే ఉంటుంది. ఆ తరువాత అలసి పడుకుంటుంది. రెండు నిమిషాల్లో మింగే అన్నమే దానికి గంట పని అవుతుంది.

ఇందుకు డబ్బా మేత కొనక్కర్లేదు. మన వంటింట్లో ఉన్నవి చాలు. ముందు చిన్న రంధ్రాన్ని రొట్టె ముక్కతోనో, అరటిపండు ముక్కతోనో మూయాలి. అడుగున కుక్కకు బాగా ఇష్టమైనది పెట్టాలి. ఉడికిన గుడ్డు ముక్కగాని, ఎముక తీసిన కోడి మాంసంగాని సరిపోతుంది. దాని మీద మెత్తగా మెదిపిన అన్నం, ఉప్పు లేని పప్పు, లేదా ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప నింపాలి. చోడిపిండి గట్టిగా ఉడికించి చల్లార్చి పెడితే చక్కగా అతుక్కుంటుంది. పైన చెంచాడు పెరుగు రాయాలి. అడుగున ఉన్న రుచి కోసం కుక్క ఆఖరు దాకా కష్టపడుతుంది.

మొదటిరోజే గట్టిగా దట్టించకూడదు. ఎంత నాకినా రాకపోతే విసుగెత్తి వదిలేస్తుంది. తొలి వారం వదులుగా, దొర్లిస్తే రాలేటట్లు నింపాలి. అలవాటయ్యాక బిగించాలి. ఫ్రిజ్ ఉన్నవారు రాత్రి మంచు అరలో పెట్టి పొద్దున ఇస్తే మరింత సేపు పడుతుంది. పళ్లొచ్చే పిల్లకు ఆ చల్లదనం చిగుళ్లకు హాయి. ఫ్రిజ్ లేనివారు అప్పటికప్పుడు నింపి ఇవ్వాలి. ఎండాకాలం గంట, గంటన్నర దాటితే తీసేయాలి. పెరుగన్నం పులుస్తుంది, చీమలు పడతాయి. వాడిన బొమ్మను సబ్బు, వేడినీళ్లతో, సీసాలు కడిగే బ్రష్షు లోపలికి పెట్టి రుద్ది కడగాలి.

ఇలా పెట్టిన తిండి రోజువారీ మేతలో తగ్గించాలి. లేకుంటే కుక్క పీపాలా ఊరుతుంది.

కూరకూడనివి కూడా గుర్తుంచుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని విరగ్గొడతాయి. కాబట్టి తాలింపు వేసిన కూర, బిర్యానీ పనికిరావు. ద్రాక్ష, ఎండు ద్రాక్ష మూత్రపిండాలను చెడగొడతాయి. చాక్లెట్టు విషమే. వేరుశనగ ముద్ద ఇంట్లో నూరిందైతే కొద్దిగా పెట్టవచ్చు. సీసాలో కొన్నదానిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అది కుక్కను చంపుతుంది. ఉప్పు చేప, ఊరగాయ, నూనె పిండివంట పెట్టరాదు.

పిల్లలు జాగ్రత్త

బొమ్మ నోట్లో ఉన్నప్పుడు ఎంత సాధువైన కుక్కయినా తన తిండిని కాపాడుకోవాలనుకుంటుంది. ఆ సమయంలో చిన్నపిల్లలు దాని దగ్గరకు పోకూడదు. పెద్దవారైనా లాక్కోకూడదు. మరో రుచి చూపించి, వదిలాక తీసుకోవాలి. రెండు కుక్కలుంటే వేర్వేరు చోట్ల కట్టి రెండు బొమ్మలివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. ఆడుతూ నమలడం వేరు. ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి రాళ్లు, కర్రలు, మట్టి కసిగా కొరకడం వేరు. చొంగ కారడం, గొంతు మారడం, దవడ వేలాడటం, అయినవారినే గుర్తుపట్టకపోవడం కనిపిస్తే అది రేబిస్ కావచ్చు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టడం మన పల్లెల్లో మామూలు. ఆ పని ఎన్నడూ చేయరాదు. కుక్కకు దూరంగా ఉండి, పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. కరిచినా, గీరినా, గాయంపై చొంగ పడినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకోవాలి. పసుపు, కారం, ఆకుపసరు పూస్తూ కూర్చుంటే కాలం దాటిపోతుంది. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతకడం దాదాపు లేదు. కుక్కపిల్లకు మూడో నెలలో మొదటి టీకా, ఆ పైన డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ వేయించాలి. బొమ్మ కొన్నా, కొనకపోయినా ఈ పని మానకూడదు.

మా సాల దగ్గర ఇప్పుడు మరో కుక్క ఉంది. పొద్దున పనులకు పోయే ముందు దాని ముందు చోడిముద్ద కూరిన రబ్బరు బొమ్మ పడుతుంది. చెప్పులు ఇప్పటికీ అటక మీదే పెడుతున్నాం. కుక్క మీద నమ్మకం లేక కాదు, మన అజాగ్రత్త మీద నమ్మకం లేక. వారానికోసారి ఆ బొమ్మను చేత్తో వంచి చూడటం మాత్రం మరచిపోవడం లేదు.