డాక్టరు కావాలనుకునే పిల్లలకు ఏ ఇంటర్ కాలేజీ?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజుల్లోనే ఉప్పల్, నాచారం, చిలకానగర్, మల్లాపూర్ వైపు నుంచి తల్లిదండ్రులు మార్కుల మెమో పట్టుకుని ఉపాధ్యాయుల దగ్గరికి వస్తారు. "టీచర్‌గారూ, మా పిల్ల డాక్టరవుతానంటోంది. ఏ కాలేజీలో వేయమంటారు?" అని అడుగుతారు. మన సొసైటీకి విరాళమిచ్చే పెద్దలు అదే సమయంలో ఇంకో మాట అడుగుతారు: "మేమిచ్చే డబ్బు సరైన చోటికే పోతోందా?" ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటే. బడి పిల్లలతో ఏళ్ల తరబడి మెలిగినవాళ్లుగా మాకు తెలిసినంతలో దీనికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

అమెరికాలో డాక్టరు కావాలంటే ముందు నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేసి, ఆ తర్వాత మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసుకోవాలి. మన దేశంలో ఇంటర్ బైపీసీ కాగానే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరతారు. అంటే అక్కడ ఇరవై ఏళ్ల యువకుడు ఆలోచించుకుని తీసుకునే నిర్ణయాన్ని ఇక్కడ పదిహేనేళ్ల పిల్ల, ఆమె తల్లిదండ్రులు మే నెలలో పది రోజుల్లో తీసుకోవాల్సి వస్తుంది. తొందరలో జరిగే పొరపాటు ఖరీదు రెండేళ్ల కాలం, కొన్ని లక్షల రూపాయలు.

ముందు పరీక్షను అర్థం చేసుకుందాం

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటల సమయం. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. ఇంటర్ మార్కులు నీట్ ర్యాంకులో కలవవు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ అభ్యర్థికి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే అర్హత వచ్చినట్టే. ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. గరిష్ఠ వయోపరిమితి లేదు. ఎన్నిసార్లయినా రాయవచ్చు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ కూడా దొరుకుతుంది. ఉర్దూ 2018 నుంచి ఉంది.

ఈ లెక్క నుంచి కాలేజీ ఎంపికకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. సగం మార్కులు బయాలజీవే కాబట్టి, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వాక్యం వాక్యం చదివించే అధ్యాపకులు ఉండాలి. ఆ పుస్తకాల ధర తక్కువ, ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా కూడా దొరుకుతాయి. రెండోది, మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఫిజిక్స్‌లో. బైపీసీ తీసుకోగానే లెక్కలు వదిలిపోయాయని సంబరపడతారు. కానీ వెక్టార్లు, లాగరిథమ్‌లు, కొంచెం కలన గణితం రాకుండా ఫిజిక్స్ లెక్కలు కదలవు. అందుకే కాలేజీకి వెళ్లినప్పుడు మేము అడగమనే మొదటి ప్రశ్న: "బైపీసీ పిల్లలకు మొదటి నెలలో బేసిక్ మ్యాథ్స్ చెబుతారా? ఫిజిక్స్ చెప్పే సారు ఎవరు? రెండేళ్లూ ఆయనే ఉంటారా?"

ప్రకటనలు ఎలా చదవాలి

ఫలితాల మరుసటి రోజు పేపర్ల మొదటి పేజీల్లో ర్యాంకుల ఫొటోలు నిండిపోతాయి. ఆ ఫొటోలు అబద్ధం కాకపోవచ్చు, కానీ మన పిల్ల చేరబోయే బ్రాంచి గురించి అవి ఏమీ చెప్పవు. ఒకే పేరుతో నగరంలో పదుల బ్రాంచీలు ఉంటాయి. ర్యాంకులు తరచుగా ఒకటి రెండు ప్రత్యేక క్యాంపస్‌ల నుంచి, అందులోనూ ఏరి కూర్చిన సెక్షన్ల నుంచి వస్తాయి. మంచి అధ్యాపకులు ఎక్కువ సమయం ఆ సెక్షన్లకే ఇస్తారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత కొన్ని బ్రాంచీలకు అతికినట్టు సరిపోతుంది.

కాబట్టి ఇలా అడగాలి: ఈ బ్రాంచిలో కిందటేడు బైపీసీలో ఎంతమంది చేరారు? వాళ్లలో ఎంతమందికి ఎంబీబీఎస్ సీటు వచ్చింది? అందులో ఎంతమంది ఇంటర్‌తో పాటే తెచ్చుకున్నారు, ఎంతమంది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నాక తెచ్చుకున్నారు? సెక్షన్లు ఎలా విడదీస్తారు? మామూలు సెక్షన్‌లో ఎంతమంది కూర్చుంటారు? "మొత్తం సంస్థకు ఇన్ని ర్యాంకులు" అని మాత్రమే జవాబు వస్తే, అడిగినదానికి జవాబు రాలేదనే లెక్క. ఆ బ్రాంచిలో ఇప్పుడు చదువుతున్న ఇద్దరు పిల్లలతో గేటు బయట పదినిమిషాలు మాట్లాడితే బ్రోచర్‌లో లేనిది తెలుస్తుంది.

ఇంటర్ బోర్డు అనుబంధ కాలేజీల జాబితాలో ఆ భవనం చిరునామా ఉందో లేదో కూడా చూసుకోవాలి. అనుమతి ఒకచోట, క్లాసులు ఇంకోచోట అయితే పరీక్షల సమయంలో ఇబ్బంది పిల్లలదే. ల్యాబ్ ఉందా అని అడిగితే సరిపోదు, తలుపు తీయించి చూడాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారో చేరకముందే కాగితం మీద రాయించుకోవాలి.

రాష్ట్రం దాటించే ముందు

ఇది చాలామందికి తెలియని, చాలా నష్టం చేసే విషయం. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో ఇచ్చిన జీవో 33 ప్రకారం, ఎంబీబీఎస్‌లో స్థానిక అభ్యర్థిగా గుర్తింపు రావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి, అర్హత పరీక్ష కూడా ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి. దీని మీద దావాలు నడిచాయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నా, మన సొసైటీ సాయం తీసుకునే కుటుంబాల్లో అవి వర్తించేవాళ్లు అరుదు.

దీని అర్థం ఏమిటి? మంచి కోచింగ్ అని ఇంటర్‌కు విజయవాడకో కోటాకో పంపితే, ఉప్పల్‌లో పుట్టి పెరిగిన పిల్ల కూడా తెలంగాణలో స్థానికేతరురాలు అయిపోతుంది. తండ్రి సౌదీలోనో దుబాయ్‌లోనో పనిచేస్తూ, పిల్లల్ని తొమ్మిది, పది అక్కడే చదివించి ఇంటర్‌కు తీసుకొచ్చినా ఇదే చిక్కు. ఇంటర్ ఇక్కడే ముగించాక, లాంగ్ టర్మ్ కోచింగ్‌కు మాత్రం వేరే ఊరు పంపవచ్చు. తొమ్మిది నుంచి ప్రతి ఏడాదీ స్టడీ సర్టిఫికెట్ తీసి భద్రపరచాలి. కౌన్సెలింగ్ రోజున వెతుక్కుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇంటి నుంచా, హాస్టల్ నుంచా

ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కితే హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్ మీదుగా అమీర్‌పేట దాకా నేరుగా పోవచ్చు. నాచారానికి మాత్రం మెట్రో స్టేషన్ లేదు. హబ్సిగూడకో తార్నాకకో రావాలి. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు పిల్లల కష్టం వేరు. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగడంతో ఆ రోడ్డు మీద ప్రయాణ సమయం చెప్పలేని పరిస్థితి. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉండటం పెద్ద ఊరట.

రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోతే, వారానికి పద్దెనిమిది గంటల చదువు పోయినట్టు. ఒక మోస్తరు కాలేజీ అయినా నలభై నిమిషాల్లో ఇంటికి చేరేదైతే, రెండు గంటల దూరంలోని పేరున్న కాలేజీ కంటే మేలని మా అభిప్రాయం. ఇంట్లో ఒక్కటే గది, చదువుకునే చోటు లేదు అనుకుంటే హాస్టల్ ఆలోచించవచ్చు. అప్పుడు ఎన్ని గంటలు చదివిస్తారన్నది కాదు, ఎన్ని గంటలు నిద్రపోనిస్తారు, ఆదివారం ఇంటికి పంపుతారా, ఫోన్‌లో అమ్మతో మాట్లాడనిస్తారా అని అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీల్లో ఒత్తిడి ఎందరు పిల్లల్ని బలి తీసుకుందో మనందరికీ తెలుసు. పిల్ల మాట తగ్గించినా, తిండి మానేసినా వెంటనే వెళ్లి చూడాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

డబ్బు తక్కువైతే దారి మూసుకుపోయినట్టు కాదు

2016లో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాల జూనియర్ కాలేజీల్లో చదువు, భోజనం, వసతి ఉచితం. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరుగా ఉన్నాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఉర్దూ ద్వితీయ భాషగా చదవాలనుకునే పిల్లలు అది ఆ కాలేజీలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. చాలా ప్రైవేటు కాలేజీల్లో సంస్కృతం ఒక్కటే చెబుతారు.

ఇక్కడే దాతలు ఆలోచించాల్సిన లెక్క ఉంది. మొదటి ప్రయత్నంలోనే సీటు తెచ్చుకునేవాళ్లు కొందరే. చాలామందికి ఇంటర్ తర్వాత ఇంకో ఏడాది పడుతుంది. చేతిలో ఉన్నదంతా మొదటి రెండేళ్ల ఫీజుకే పోస్తే, మూడో ఏడాది అవసరం వచ్చేసరికి ఖజానా ఖాళీ. కొద్ది మార్కుల దూరంలో ఆగిపోయిన పిల్ల అక్కడే మిగిలిపోతుంది. అదే ఉచిత కాలేజీలోనో తక్కువ ఫీజు కాలేజీలోనో ఇంటర్ చదివించి, పుస్తకాలు, టెస్ట్ సిరీస్, లాంగ్ టర్మ్ ఏడాదికి డబ్బు దాచి ఉంచితే, ఆ సొమ్ము సరిగ్గా అవసరమైన చోట పనిచేస్తుంది. అందుకే మేము ఎవరికి సాయం సిఫారసు చేసినా రెండేళ్లకు కాదు, మూడేళ్లకు లెక్క వేయమంటాం.

కాగితాలే సీట్లు తెస్తాయి

2014లో తెలంగాణలో ఐదే ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉండేవి. ఇప్పుడవి ముప్పైకి పైనే. అవకాశం పెరిగింది, కానీ దాన్ని అందుకోవడానికి సరైన పత్రాలు కావాలి.

ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ద్వారా వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్, సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతోంది. షేక్ వర్గం అందులో ఉంది. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వర్గాలు లేవు. దూదేకులవారు బీసీ-బీలో వస్తారు. ఏ రిజర్వేషన్‌లోనూ లేని, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు ఈడబ్ల్యూఎస్ పత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. నీట్ దరఖాస్తులో ఓబీసీ అని నింపే ముందు కేంద్ర జాబితాలో తమ వర్గం ఉందో లేదో చూసుకోవాలి.

ముస్లిం మైనారిటీ వైద్య కళాశాలలైన దక్కన్, షాదాన్, డాక్టర్ వీఆర్‌కే మహిళా, అయాన్ కళాశాలల కన్వీనర్ కోటా సీట్లు కూడా వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ద్వారానే నిండుతాయి. మధ్యవర్తి ఎవరైనా సీటు ఇప్పిస్తామంటే నమ్మకండి.

నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనిచేసే కార్మికులకు ఇంకో తలుపు ఉంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ చందా కట్టే కార్మికుల పిల్లలకు, సనత్‌నగర్‌లోని ఈఎస్ఐసీ వైద్య కళాశాలతో సహా దేశంలోని ఈఎస్ఐసీ కళాశాలల్లో ప్రత్యేక కోటా ఉంది. నాచారం ఈఎస్ఐ ఆస్పత్రికి మందుల కోసం వెళ్లే తండ్రికి, అదే కార్డు తన బిడ్డను డాక్టరును చేయగలదని తెలియదు. నీట్ రాశాక ఈఎస్ఐసీ నుంచి బీమాదారు సంతానమని పత్రం తీసుకుని, ఢిల్లీలోని ఎంసీసీ జరిపే కౌన్సెలింగ్‌లో నమోదు చేసుకోవాలి. తండ్రి సర్వీసు, చందాల లెక్క సరిగ్గా ఉందో లేదో ఇంటర్ మొదటి ఏడాదిలోనే చూసుకుంటే మంచిది.

ఎంబీబీఎస్ రాకపోతే అదే నీట్ ర్యాంకుతో డెంటల్, ఆయుర్వేదం, హోమియో, యునానీ ఉన్నాయి. చార్మినార్ దగ్గరి నిజామియా టిబ్బీ కాలేజీలో యునానీ డిగ్రీ చదవవచ్చు. బైపీసీ పిల్లలు ఎప్‌సెట్ రాసి ఫార్మసీ, వ్యవసాయ కోర్సుల్లోకి పోవచ్చు. నర్సింగ్ కూడా గౌరవమైన వృత్తే. పిల్లలకు ఈ దారులు మొదటి రోజే చూపించాలి. ఓడిపోయాక చూపిస్తే శిక్షలా అనిపిస్తాయి.

దాతలకు మా విన్నపం

మీరిచ్చేది జకాత్ అయినా, సదఖా అయినా, మామూలు విరాళమైనా అది పెద్ద పేరున్న బోర్డు వెనక్కి కాక, పిల్ల అవసరం వెనక్కి పోవాలి. ఒక పిల్లను ఎంచుకుంటే మూడేళ్లు వెంట ఉండండి. ఫీజుతో పాటు బస్సు ఖర్చు, పుస్తకాలు, టెస్టులు, సర్టిఫికెట్ల ఖర్చు కూడా లెక్కలో వేయండి. వైద్యులైన దాతలు నెలకో ఆదివారం గంటసేపు పిల్లలతో కూర్చోగలిగితే, ఆ గంట ఏ చెక్కుకూ తీసిపోదు. ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు ఉన్న దాతలు తమ కార్మికుల ఈఎస్ఐ చందాలు క్రమంగా, సరైన పేర్లతో కడితే అదే ఒక స్కాలర్‌షిప్.

ఈ ఏడాది మే నెలలో కాలేజీలో డబ్బు కట్టే ముందు, తల్లిదండ్రులను ఒక్కసారి ఏదైనా బడి ఉపాధ్యాయుడి దగ్గరికో మన సొసైటీ కార్యాలయానికో పంపండి. పైన రాసిన ప్రశ్నలు పట్టుకుని వాళ్లతో పాటు కాలేజీకి వెళ్లడానికి ఒక మనిషి తోడుంటే చాలు. చదువురాని తండ్రి కూడా ఆ కౌంటర్ ముందు ధైర్యంగా నిలబడి అడగగలుగుతాడు.