ఆర్గురు శరణార్థి శిశువులు

యుద్ధము ముగిసినదని ప్రభుత్వములు ప్రకటించినంతమాత్రమున పసివారి మనస్సులలో అది ముగియదు. 1945లో ఇంగ్లాండు చేరిన ఆర్గురు యూదు బిడ్డల వృత్తాంతమే యిందులకు సాక్ష్యము. మూడు నాలుగేండ్ల ప్రాయమువారు. శైశవముననే తల్లులను కోల్పోయి, నాజీల టెరెజిన్ నిర్బంధశిబిరమున పెరిగినవారు. ఆ యేటి అక్టోబరులో వారిని ససెక్సులోని బుల్డాగ్స్ బ్యాంక్ అను గృహమునకు చేర్చిరి. వారి చరిత్రను అన్నా ఫ్రాయిడ్, సోఫీ డాన్‌లు 1951లో ప్రకటించిరి.

ఆ బిడ్డలు ఇచ్చిన బొమ్మలనెల్ల విరుగగొట్టిరి. ఆదరింపవచ్చిన పెద్దలను కొట్టిరి, కరచిరి, ఉమిసిరి. దుష్టశిశువులని త్రోసిపుచ్చుట ఎంత సులభము! కాని వారిలో ఒక్కరిని కొంచెముసేపు వేరుచేసినను తక్కినవారు తల్లడిల్లిపోయెడివారు. భోజనవేళ తమ పళ్లెముకంటె తోడివాని పళ్లెము నిండినదా యని చూచెడివారు. ఈర్ష్య వారిలో మిక్కిలి అరుదు. తల్లి లేని లోకమున వారు ఒకరికొకరు తల్లులైరి.

యుద్ధకాలమున లండనులో డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి శిశుశాలలు నడపినప్పుడును అన్నా ఫ్రాయిడ్ గమనించినది ఇదియే: తల్లి చెంతనున్న బిడ్డ బాంబుల మ్రోతను ఓర్చుకొనగలిగెను; ఎడబాటును ఓర్వలేకపోయెను.

కావున మంచముల ఖాళీనిబట్టియు వయస్సునుబట్టియు శరణార్థి శిశువులను వేర్వేరు శాలలకు పంచిపెట్టుట మాకు సమ్మతము కాదు. అది అధికారులకు సౌకర్యమే కావచ్చును. దస్త్రమున బిడ్డ పేరు వ్రాయునప్పుడు, ఎవరి చేయి పట్టుకొని వచ్చెనో ఆ పేరును ప్రక్కనే వ్రాసి, ఆ యిరువురిని ఒక్కచోటికే పంపవలెనని కోరుచున్నాము.