స్వావలంబన దిశగా: ఆటిజం ఉన్న వయోజనులకు దైనందిన నైపుణ్యాల శిక్షణ, బోధనాభాష

వ్యాససంగ్రహం:
ఆటిజం ఉన్న వయోజనులకు వంట, స్నానం, ప్రయాణం, డబ్బు వాడకం వంటి దైనందిన నైపుణ్యాలను నేర్పే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. పనిని దశలుగా విభజించడం, సహాయాన్ని క్రమంగా తగ్గించడం ఇందులో ప్రధానసూత్రాలు. తెలుగు ఇళ్ళలో ఈ శిక్షణ ఫలించాలంటే సూచనలు ఇచ్చే భాష, సంబోధించే తీరు కూడా మారాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆటిజం, వయోజనులు, జీవననైపుణ్యాలు, స్వావలంబన, బోధనాభాష, సంబోధన.

1. ఉపోద్ఘాతం:
1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లల లక్షణాలను వివరిస్తూ ప్రకటించిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలో ప్రత్యేకస్థితిగా గుర్తింపు పొందింది. ఆటిజం అనగానే నేటికీ చిన్నపిల్లలే గుర్తుకొస్తారు. అయితే ఇది వయసుతోపాటు తొలగిపోయే వ్యాధి కాదు. మెదడు ఎదుగుదలలోని భిన్నత్వం. ఆ పిల్లలు పెద్దవారవుతారు. బడి ముగుస్తుంది. తల్లిదండ్రుల వయసు పెరుగుతుంది. “మా తరువాత వీడిని ఎవరు చూస్తారు?” అన్న ప్రశ్న ఆ ఇంట్లో మిగులుతుంది. దానితోపాటు “మేముండగానే తనకు ఏమేమి చేతనయ్యేలా చూడగలం?” అని కూడా అడగవలసి ఉంది.

2. స్వావలంబన - అర్థం:
స్వావలంబన అంటే ఎవరి సహాయమూ లేకుండా బ్రతకడం అని భావిస్తే, ఆ కొలతకు మనలో ఎవరమూ నిలబడం. కళ్ళజోడు పెట్టుకొని చదివేవారిని పరాధీనులని అనం. తన రోజును తాను ఎంచుకొని, అవసరమైన సహాయాన్ని తానే అడిగి, నడుపుకోగలగడమే ఇక్కడ స్వావలంబన. మాటలు రానివారు కూడా బొమ్మ చూపించి తన భోజనాన్ని ఎంచుకుంటే, అది ఆ దిశగా వేసిన అడుగే.

3. ఒక నిదర్శనం - డొనాల్డ్ ట్రిప్లెట్:
కానర్ వర్ణించిన పిల్లలలో మొదటివారు అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి చెందిన డొనాల్డ్ ట్రిప్లెట్. తొమ్మిదేళ్ళ వయసులో ఆయనను తల్లిదండ్రులు ఒక రైతుదంపతుల వద్ద ఉంచారు. వారు ఆయన అలవాట్లను మాన్పించలేదు. వాటికి పని కల్పించారు. ఎప్పుడూ కొలతలు తీస్తుంటే బావి తవ్వించి లోతు చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళు లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. ఆయన గుర్రాన్ని, నాగలిని నేర్పుగా నడపడం చూసి తాను ఆశ్చర్యపోయినట్లు కానర్ 1971లో రాశారు.

డొనాల్డ్ తరువాత పట్టభద్రులై, బ్యాంకులో ఉద్యోగం చేశారు. ఇరవై ఏడేళ్ళ వయసులో కారు నడపడం నేర్చుకున్నారు. తల్లిదండ్రులు గతించాక కూడా ఆ ఊళ్ళోనే తమ ఇంట్లో జీవించి, 2023లో ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో మరణించారు. ఆయనది కలిగిన కుటుంబం; ఊరు ఆయనను తనవాడిగా చూసుకుంది. కాబట్టి ఈ జీవితం అందరికీ కొలమానం కాదు. అయితే రెండు విషయాలు స్పష్టం: ఆసక్తిని ఆధారంగా చేసుకుంటే నేర్పడం సులభమవుతుంది, కొన్ని నైపుణ్యాలు ఆలస్యంగానైనా వస్తాయి.

4. శిక్షణాపద్ధతి:
“అన్నీ తెలుసు, చెయ్యడు” అనేది తల్లిదండ్రులు తరచు చెప్పే మాట. దీనిని బద్ధకంగా భావించడం పొరపాటు. పని తెలియడం వేరు, దానిని మొదలుపెట్టగలగడం వేరు. ఆటిజం ఉన్న పలువురికి ఈ రెండవదే కష్టం. ఇంద్రియాలకు సంబంధించిన ఇబ్బందులు కూడా ఉండవచ్చు. స్నానం వద్దనడానికి కారణం సబ్బు వాసన కావచ్చు, నీళ్ళ వేడి కావచ్చు. వంట వద్దనడానికి కారణం కుక్కర్ కూత కావచ్చు. కూత వెయ్యని ఎలక్ట్రిక్ కుక్కర్ కొంటే ఆ ఇబ్బంది తీరుతుంది. అందువల్ల ఎక్కడ ఆగిపోతున్నారో గమనించడమే శిక్షకుల మొదటి పని.

తరువాతిది పనివిభజన. అన్నం వండడం మనకు ఒకే పని. నేర్చుకునేవారికి అది కొలవడం, కడగడం, నీళ్ళు పొయ్యడం, మూత పెట్టడం, స్విచ్ వెయ్యడం వంటి పది పనులు. వీటిని బొమ్మలతోనో, చిన్నవాక్యాలతోనో పట్టికగా రాసి గోడకు అంటించాలి. చివరిదశ నుంచి నేర్పడం ఒక మేలైన మార్గం. మొదట వండిన అన్నాన్ని వడ్డించుకోవడం మాత్రమే వారికి వదలాలి. అది వచ్చాక దానికి ముందరి దశను చేర్చాలి. ఇలా చేస్తే ప్రతిసారీ పని వారి చేతిమీదుగానే పూర్తవుతుంది.

సహాయాన్ని క్రమంగా తగ్గించడం మూడవ సూత్రం. ఇందులో నోటిమాటగా గుర్తుచేయడం మానడమే అన్నిటికన్నా కష్టం. “ఇక లే, బ్రష్ చేసుకో” అన్న అమ్మ గొంతు వినిపిస్తేగాని పని మొదలుకాని స్థితి ఏర్పడితే, నైపుణ్యం వచ్చినా స్వావలంబన రానట్లే. గోడమీది పట్టిక, ఫోన్‌లోని అలారం ఆ గొంతు స్థానాన్ని తీసుకోవాలి.

5. బోధనాభాష:
తెలుగులో ఇంటిమాట సందర్భంమీద ఆధారపడుతుంది. “కూర పొయ్యిమీద ఉంది, కాస్త చూస్తూ ఉండు” అంటే కలుపుతూ ఉండమని, అడుగంటకముందే మంట తగ్గించమని అర్థం. మాటను ఉన్నదున్నట్లు గ్రహించే వ్యక్తి కూర మాడుతున్నా చూస్తూనే ఉండవచ్చు. అది అవిధేయత కాదు, చెప్పిన పనే చేశారు. “సరిపడా ఉప్పు”, “ఇప్పుడే వస్తాను” వంటివీ ఇలాంటివే. “రేపు చూద్దాం” అనేది చాలాసార్లు మర్యాదతో కూడిన నిరాకరణ. అది తెలియనివారు మరునాడు ఎదురుచూస్తారు.

కాబట్టి సూచనలో పరిమాణం, సమయం, ముగింపు ఉండాలి. “ఒక చెంచా ఉప్పు”, “పది నిమిషాలలో వస్తాను”, “ఐదు నిమిషాలకు ఒకసారి గరిటెతో కలుపు, ఎనిమిది గంటలకు స్టవ్ కట్టెయ్యి” అనాలి. “అలా చెయ్యకు” అనేది ఏమి చెయ్యాలో చెప్పదు, చెయ్యవలసినదే చెప్పాలి.

6. సంబోధన, నిర్ణయాధికారం:
తెలుగులో సర్వనామం గౌరవాన్ని నిర్ణయిస్తుంది. వాడు, అతను, ఆయన అనే మాటల మధ్య సామాజికదూరం ఎంతో ఉంది. ముప్పై ఏళ్ళ వ్యక్తి ఎదురుగా ఉండగా, “బాబు అన్నం తింటాడా?” అని తల్లిని అడగడం మన ఆసుపత్రులలో, కార్యాలయాలలో వినిపించే మాటే. ఇంట్లో “నువ్వు” ఆత్మీయత. బయటివారు, శిక్షకులు మాత్రం వయసుకు తగినట్లు “మీరు” అని, నేరుగా వారినే అడగాలి. జవాబు కోసం కొంతసేపు ఆగాలి.

చట్టమూ ఈ దిశగానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ఈ చట్టంలోని 14వ సెక్షన్ చెప్పే పరిమిత సంరక్షకత్వం ప్రకారం సంరక్షకులు నిర్దిష్ట విషయాలలో, నిర్దిష్టకాలానికి, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా, వారితో కలిసి నిర్ణయించాలి. ఏ చొక్కా వేసుకోవాలో ఎన్నడూ ఎంచుకోనివారు రేపు పెద్ద నిర్ణయాలలో పాలుపంచుకోలేరు. ఆ అభ్యాసం ఇంట్లోనే మొదలుకావాలి.

7. ముగింపు:
పనిని విభజించడం, సహాయాన్ని తగ్గించడం, స్పష్టంగా చెప్పడం, పెద్దవారిని పెద్దవారిగా పిలవడం అనే ఈ నాలుగింటిలో చివరి రెండింటికి ఖర్చు లేదు. తల్లిదండ్రుల తరువాతి కాలం గురించిన భయాన్ని శిక్షణ పూర్తిగా తీర్చదు. సమాజం, ప్రభుత్వం చెయ్యవలసినది చాలా ఉంది. అయినా తన అన్నం తాను వండుకొని, తనకేమి కావాలో తానే చెప్పగలిగిన వ్యక్తికి తోడు నిలవడం ఆ తరువాత వచ్చేవారికి సులభమవుతుంది. అందుకు అనువైన తెలుగును సమకూర్చడంలో భాషాధ్యాపకులకూ బాధ్యత ఉంది.