మూసీ యొడ్డున నొక యాంగ్ల సౌధము

ఇంగ్లండు దేశపు పల్లెపట్టులలో నచ్చటి ప్రభువులు కట్టుకొనిన పెద్ద సౌధములు నేటికిని కలవు. పదునెనిమిదవ శతాబ్దమున వారిలో ననేకులు ఇటలీ శిల్పి పల్లాడియో రీతిని వరవడిగా గైకొనిరి. ఎత్తైన స్తంభములు, వానిపై త్రికోణాకారపు నెన్నుదురు, ఇరువైపుల సమానముగా విస్తరించిన గదులు ఆ రీతికి గుర్తులు. అట్టి సౌధ మొకటి తెలుగునేలపై, హైదరాబాదున, మూసీనది యుత్తరపు టొడ్డున నున్నది. అదియే రెసిడెన్సీ. జనులు కోఠీ యందురు.

1798లో నిజాం అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సంధి చేసికొనెను. నాటి కంపెనీ ప్రతినిధి జేమ్సు కిర్కుపాట్రిక్కు. అతడు స్థలము కోరుచు పెద్ద పటము గీయించి చూపగా నిజాము నిరాకరించెనట. ఆ పటము తన రాజ్యపటమంత యుండుటయే కారణమని మీర్ ఆలం తెలుపగా, చిన్న కాగితముపై గీచి చూపి యనుమతి బడసెనని కథ. 1803 ప్రాంతమున పని మొదలయ్యెను. నమూనా గీచినవాడు మద్రాసు సైన్యపు ఇంజనీరు సామ్యూల్ రస్సెల్. కంపెనీ వైభవమును చాటు మేడకు ధనమిచ్చినవాడు మాత్రము నిజామే!

పామర్రు ప్రాంతపు పల్లెలలోని మండువా లోగిలి లోచూపు గల యిల్లు. నడుమ నాకాశమునకు తెరచిన మండువా. గదులన్నియు దానివైపే చూచును. వానచినుకు సయితము ఇంటి నడుమనే రాలును. రెసిడెన్సీ యట్లు గాదు. వెలుపలివాడు చూచి విస్మయము నొందుటకే యది కట్టబడినది. ముంగిట నారు కొరింథియను స్తంభములు, విశాలమైన సోపానపంక్తి, ఇరుప్రక్కల సింహవిగ్రహములు. లోపల రెండంతస్తుల యెత్తున దర్బారుశాల.

ఆ ముంగిటిని ఆ యింటి యిల్లాలే చూడజాలకపోయెను. కిర్కుపాట్రిక్కు భార్య ఖైరున్నీసా బేగము ఘోషా పాటించి, వెనుక తోటలోని రంగమహలున నుండెడిది. ఆమె చూచుటకై సౌధపు చిన్న నమూనాను తోటలో కట్టించెనని చెప్పుదురు. అతడు 1805లో కలకత్తాలో మరణించెను. రంగమహలు తరువాత కూల్చబడినది. బొమ్మరిల్లు వంటి యా నమూనా మాత్రము మిగిలినది.

1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ తమ యనుచరులతో రెసిడెన్సీపై దాడి చేసిరి. దాడి విఫలమయ్యెను, మౌల్వీ అండమానునకు పంపబడెను. తుర్రేబాజ్‌ఖాన్ 1859లో చంపబడెను.

ఆంగ్లేయులు వెడలిన పిమ్మట, 1924లో నెలకొల్పబడిన మహిళాకళాశాల 1949లో నీ మేడకు తరలివచ్చెను. నాటినుండి బాలికలు పుస్తకములు చేతబట్టి యా ముందరి మెట్ల మీదుగనే లోపలికి నడచిరి. కాలక్రమమున కప్పులు చెడి భవనము ప్రమాదకరముగా మారగా, సున్నపు పనిలో నేర్పరులచే చాలకాలము మరమ్మతులు జరిపించి, 2023లో దానిని మరల తెరచిరి.