అసంపూర్ణ పాఠం – అభిమానుల విమర్శ: 'క్రూసేడ్' ధారావాహిక పరిశీలన

వ్యాససంగ్రహం:

1999లో అమెరికాలో 13 ఎపిసోడ్లతో ఆగిపోయిన వైజ్ఞానిక కల్పన ధారావాహిక 'క్రూసేడ్'. ఇది 'బాబిలాన్ 5' అనే ప్రసిద్ధ ధారావాహిక నుండి పుట్టిన స్పిన్-ఆఫ్. దీని గుణదోషాలపై అభిమానుల మధ్య సాగిన చర్చ చాలావరకు అభిరుచిభేదంగా పైకి కనిపిస్తుంది. వాస్తవానికి అది ఏ పాఠాన్ని ప్రమాణంగా స్వీకరించాలన్న ప్రశ్న చుట్టూ తిరుగుతున్న చర్చ అని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైజ్ఞానిక కల్పన, స్పిన్-ఆఫ్, అభిమాన పాఠకులు, పాఠనిర్ణయం, అసంపూర్ణ రచన, క్రూసేడ్.

1. ఉపోద్ఘాతం:

ఒక రచన బాగుందా లేదా అని ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు, ఆ ఇద్దరూ చదివింది ఒకే రచన అన్న నమ్మకం మనకు ముందుగానే ఉంటుంది. ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో తాళపత్రప్రతులతో పనిచేసిన పరిష్కర్తలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరొక ప్రతిలో ఉండదు. ఉన్నా అదే చోట ఉండదు. టెలివిజన్ ధారావాహికకు ఇటువంటి చిక్కు లేదని సాధారణంగా భావిస్తాం. ఒకసారి చిత్రీకరించిన దృశ్యం ఎవరు చూసినా ఒకటే కదా! 'క్రూసేడ్' విషయంలో ఈ భావన నిలవదు.

అభిమానులు ఇచ్చింది తీసుకొని ఊరుకునే వినియోగదారులు కారనీ, పాఠాన్ని తమ అవసరాలకు అనుగుణంగా మలచుకునే చురుకైన పాఠకులనీ హెన్రీ జెన్కిన్స్ 1992లో ప్రచురించిన 'టెక్స్‌చువల్ పోచర్స్' గ్రంథంలో ప్రతిపాదించారు. అభిమానుల చర్చను విద్వద్విషయంగా పరిగణించడానికి ఆ గ్రంథం దారి వేసింది. అయితే 'క్రూసేడ్' అభిమానులు చేసిన పని అంతకంటే మనకు పరిచితమైనది. వారు తమకు తెలియకుండానే పాఠపరిష్కరణకు పూనుకున్నారు.

2. మూలం – శాఖ:

'బాబిలాన్ 5' సృష్టికర్త జె. మైఖేల్ స్ట్రాజిన్స్‌కీ. ఐదు సంవత్సరాలలో ముగిసే ఒకే నవలగా ఆయన దానిని ముందే ప్రణాళిక వేసుకున్నారు. మొత్తం 110 ఎపిసోడ్లలో 92 ఆయనే రచించారు. నాలుగు సీజన్ల తరువాత ఆగిపోవలసిన ఆ ధారావాహికను ఐదవ సీజన్‌కు ఆదుకున్నది టీఎన్‌టీ అనే కేబుల్ ఛానల్. 'క్రూసేడ్'ను నిర్మింపజేసిందీ, నిలిపివేసిందీ ఆ ఛానలే.

1999 జనవరిలో ప్రసారమైన 'ఎ కాల్ టు ఆర్మ్స్' అనే టెలివిజన్ చిత్రం రెండింటికీ వంతెన. అందులో డ్రాక్ అనే శత్రుజాతి భూమిపై ఒక మహమ్మారిని వదులుతుంది. అది మానవ శరీరానికి అలవాటుపడి అందరినీ చంపడానికి ఐదేళ్ళు పడుతుంది. ఆ గడువులోగా విరుగుడు వెదకడానికి 'ఎక్స్‌కాలిబర్' అనే నౌక కెప్టెన్ గిడియన్ (గ్యారీ కోల్) నాయకత్వంలో బయలుదేరుతుంది. సాంకేతిక విద్యను మాంత్రికవిద్యలా ప్రయోగించే గేలెన్ (పీటర్ వుడ్‌వర్డ్), పరేంగితజ్ఞానం గల అధికారి మాథెసన్ (డేనియల్ డే కిమ్) మొదలైనవారు ఆ నౌకలోని ముఖ్యులు.

3. చిత్రీకరణక్రమం – ప్రసారక్రమం:

చర్చకు అసలు మూలం ఇక్కడ ఉంది. ముందుగా ఐదు ఎపిసోడ్లు చిత్రీకరించారు. ఆ తరువాత ఛానల్ అభ్యంతరాల వల్ల నిర్మాణం కొంతకాలం ఆగింది. పాత్రల దుస్తులు మారాలన్నారు. కథను మొదటి నుండి వివరించే కొత్త ప్రారంభం, అందులో ఒక కొట్లాట కావాలన్నారు. ఆ విధంగా పుట్టినదే 'వార్ జోన్'. స్ట్రాజిన్స్‌కీ మొదటి ఎపిసోడ్‌గా ఉద్దేశించినది 'రేసింగ్ ది నైట్'. అందులో నౌక అప్పటికే అన్వేషణలో ఉంటుంది. ప్రేక్షకుడు కథామధ్యంలోకి ప్రవేశిస్తాడు. మార్పుల తరువాత మరి ఎనిమిది ఎపిసోడ్లు తయారయ్యాయి. అంతలో ఛానల్ ధారావాహికనే వద్దనుకుంది. ఒక్క ఎపిసోడ్ కూడా ప్రసారం కాకముందే ఈ నిర్ణయం జరిగింది. 1999 జూన్ 9 నుండి సెప్టెంబర్ 1 వరకు ప్రేక్షకులు చూసినది అప్పటికే ఆగిపోయిన ధారావాహికను.

ప్రసారంలో ఛానల్ పాటించిన వరుసలో ముందు చిత్రీకరించిన ఐదు ఎపిసోడ్లూ చివరికి పోయాయి. తరువాత చిత్రీకరించిన ఎనిమిదీ ముందుకు వచ్చాయి. దీని ఫలితంగా దుస్తులు ఒక చోట హఠాత్తుగా మారతాయి. ఆ మార్పుకు కారణం చూపడానికి 'అప్పియరెన్సెస్ అండ్ అదర్ డిసీట్స్' అనే ఎపిసోడ్‌లో ఒక కథాంశమే కల్పించవలసి వచ్చింది. నౌక ప్రతిష్ఠను పెంచే నెపంతో ప్రచారనిపుణులు వచ్చి, అందరి వేషభాషలనూ సరిదిద్దబోతారు. ఛానల్ జోక్యంపై రచయిత విసిరిన ఎత్తిపొడుపుగా దీనిని చదవకుండా ఉండడం కష్టం.

గుణదోషచర్చలో పక్షాలు ఏర్పడిన తీరును ఈ నేపథ్యంలో గమనించాలి. ప్రసారక్రమంలో చూసినవారు మొదట ఎదుర్కొనేది 'వార్ జోన్'ను. పాత్రలను ఒక్కొక్కరినే పిలిచి పరిచయం చేసే ఆ ఎపిసోడ్ ధారావాహికలోని బలహీన రచనలలో ఒకటన్న విషయంలో రెండు పక్షాలకూ పెద్దగా విభేదం లేదు. రచయిత కూడా దానితో తృప్తి చెందలేదు. 'రేసింగ్ ది నైట్'తో మొదలుపెట్టినవారికి మరొక ధారావాహిక కనిపిస్తుంది. వారికి పాత్రలు క్రమంగా పరిచయమవుతాయి. ఒకరు "పాత్రచిత్రణ పైపైన ఉంది" అంటే, మరొకరు "లోతుగా ఉంది" అనడానికి కారణం చాలాసార్లు ఇదే. దీనికి తోడు సృష్టికర్త అనంతరకాలంలో సూచించిన మూడవ వరుస కూడా ఉంది. 2004లో వెలువడిన డీవీడీ సంపుటి మాత్రం ప్రసారక్రమాన్నే అనుసరించింది. ముద్రితప్రతి ఏదైతే అదే లోకంలో ప్రమాణంగా నిలుస్తుందన్న సంగతి మనకు కొత్త కాదు.

క్రమంతో సంబంధం లేని వివాదాలు కొన్ని లేకపోలేదు. 'బాబిలాన్ 5'కు క్రిస్టఫర్ ఫ్రాంకె సమకూర్చిన గంభీరమైన వాద్యసంగీతానికి అలవాటుపడిన చెవులకు ఇవాన్ చెన్ సంగీతం అపరిచితంగా తోచింది. దీనిపై అభిమానుల ఆగ్రహం కొంత అతిగానే అనిపిస్తుంది. కొత్త కథకు కొత్త ధ్వని కావాలన్న రచయిత ఆలోచనలో తప్పు లేదు.

4. తెలిసిన ముగింపు:

'క్రూసేడ్'ను తక్కువగా అంచనా వేసేవారి వాదాలలో బలమైనది మరొకటి ఉంది. 1997లో ప్రసారమైన 'బాబిలాన్ 5' నాలుగవ సీజన్ చివరి ఎపిసోడ్ కథాకాలం నుండి నూరేళ్ళు, ఐదు వందల ఏళ్ళు, వెయ్యేళ్ళు ముందుకు వెళ్ళి భూమిపై మనుషులను చూపింది. అంటే మహమ్మారితో మానవజాతి నశించదని అభిమానికి ముందే తెలుసు. ఇక ఉత్కంఠ ఎక్కడిదని వారి ప్రశ్న.

హరికథ విని పెరిగిన శ్రోతకు ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. రాముడు గెలుస్తాడని తెలిసే మనం రాత్రంతా కూర్చుంటాం. ధారావాహికను సమర్థించేవారు కూడా సుమారుగా ఈ సమాధానమే చెబుతారు: విరుగుడు దొరుకుతుందా అన్నది కాదు, దొరికేలోపు మనుషులు ఏమవుతారన్నదే కథ. ఇందుకు 'ది నీడ్స్ ఆఫ్ ఎర్త్' ఎపిసోడ్ మంచి ఆధారం. అమూల్యమైన సమాచారాన్ని తీసుకొని పారిపోతున్న ఒక పరగ్రహవాసిని గిడియన్ బృందం విరుగుడు ఆశతో రక్షిస్తుంది. తీరా చూస్తే అతడు కాపాడుతున్నది తన జాతి నాశనం చేయదలచిన కళాసంపద. భూమికి దానివల్ల వైద్యపరంగా ప్రయోజనం లేదు. చావు అంచున ఉన్న జాతికి కళ అవసరమా అన్న ప్రశ్నను ఈ ఎపిసోడ్ ఉపన్యాసం చేయకుండా నిలబెడుతుంది. నా దృష్టిలో 13 ఎపిసోడ్లలోనూ ఇదే ఉత్తమం. ప్రసారక్రమంలో ఇది 11వది. అప్పటికి ఎంతమంది ఓపికగా మిగిలి ఉంటారన్నది వేరే ప్రశ్న.

5. రెండు రకాల ఖాళీలు:

సాహిత్యపాఠంలో రచయిత విడిచిన ఖాళీలను పాఠకుడు పూరించుకోవడం వల్లనే అర్థం సిద్ధిస్తుందని వోల్ఫ్‌గాంగ్ ఈజర్ సిద్ధాంతీకరించారు. 'క్రూసేడ్'లో ఇటువంటి ఖాళీలు ఉన్నాయి. గిడియన్ దగ్గర ఉన్న మాట్లాడే పెట్టె ఏమిటో, దాని మాట నమ్మదగినదో కాదో రచయిత కావాలనే చెప్పలేదు. కానీ నిర్మాణం ఆగిపోవడం వల్ల ఏర్పడిన ఖాళీ ఈ కోవలోకి రాదు. అది రచయిత విడిచినది కాదు, సంస్థ తెంచినది. అభిమానుల చర్చ తరచుగా గాడి తప్పేది ఈ రెండింటినీ కలిపివేసిన చోటే. "రహస్యాన్ని విప్పలేదు" అన్న ఆక్షేపణ మొదటి రకానికి చెల్లుతుంది గానీ రెండవ రకానికి చెల్లదు. అలాగే "కొనసాగి ఉంటే గొప్పగా ఉండేది" అన్న సమర్థన ఉన్న పాఠానికి కాక లేని పాఠానికి మార్కులు వేస్తుంది.

నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన పూరించగలిగాడు. ఆ పూరణను ఆక్షేపించినవారు లేరు. టెలివిజన్ రచనకు హక్కులు సంస్థ చేతిలో ఉంటాయి కనుక మరొక ఎఱ్ఱన రావడానికి వీలు లేదు. అభిమాని చేసే పూరణ అభిమాని పూరణగానే ఉండిపోతుంది. తెలుగు టీవీ ధారావాహికలపై పరిశోధన చేసేవారు సైతం తాము చూసిన ప్రతి ఏది, అందులో ఏ క్రమం, ఎన్ని ఎపిసోడ్లు అన్న వివరం సిద్ధాంతవ్యాసంలో పేర్కొనడం అవసరమని ఈ సందర్భం గుర్తుచేస్తుంది.

6. చిత్రీకరణకు నోచుకోని ప్రతులు:

నిర్మాణం నిలిచేనాటికి మరి మూడు రచనలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో 'టు ది ఎండ్స్ ఆఫ్ ది ఎర్త్', 'ది ఎండ్ ఆఫ్ ది లైన్' స్ట్రాజిన్స్‌కీవి. 'వాల్యూ జడ్జ్‌మెంట్స్' ఫియోనా ఏవరీది. ఇవి తరువాతి కాలంలో వెలుగులోకి వచ్చాయి. గిడియన్ తన యౌవనంలో పనిచేసిన నౌకను ధ్వంసం చేసినవారెవరన్న ప్రశ్నను 'ది పాత్ ఆఫ్ సారోస్' ఎపిసోడ్ లేవనెత్తి విడిచిపెట్టింది. 'ది ఎండ్ ఆఫ్ ది లైన్' దానిని అందుకొని, నేరం స్వంత సైన్యం ముంగిటికి చేరేదాకా నడిపించి, గిడియన్‌పై కాల్పులతో ముగుస్తుంది. మహమ్మారి కథను తొందరగానే ముగించి, ఈ కుట్రను ప్రధానకథగా చేయాలన్నది తన ఆలోచన అని రచయిత ఆ తరువాత వెల్లడించారు. ప్రసారమైన 13 ఎపిసోడ్లలో చివరిది 'ఈచ్ నైట్ ఐ డ్రీమ్ ఆఫ్ హోమ్'. ఆ వ్యాధి మనిషి శరీరంలో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి వైద్యులు చేసే ప్రయత్నం అందులోని విషయం. దానితో ఆపినవారికి 'క్రూసేడ్' వైద్యాన్వేషణ కథ. ఆ మూడు ప్రతులనూ కలుపుకొని చదివినవారికి అది రాజ్యకుట్ర కథ, ఆ అన్వేషణ దానికి కేవలం ఉపోద్ఘాతం.