గాజు మురళి

మురళి అనగానే మనకు వెదురు జ్ఞాపకం వస్తుంది. పడమటి దేశాలలో కర్రతోను, దంతంతోను, వెండితోను చేస్తారు. కాని గాజుతో చేసిన మురళి ఒకటి రెండు వందల యేళ్లు దాటినా చెక్కుచెదరకుండా వున్నదంటే వింతగా లేదూ?

అది వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వున్నది. చేసినవాడు పారిస్ నగరంలోని గడియారాల పనివాడు క్లాడ్ లారెంట్. గాలిలో వేడి, తేమ మారినప్పుడల్లా కర్ర వుబ్బుతుంది, కుంచించుకుపోతుంది, శ్రుతి తప్పుతుంది. గాజుకు ఆ బెడద వుండదని తలచి, లారెంట్ 1806లో గాజు మురళికి పేటెంటు పొందాడు. 1813లో అమెరికా ప్రెసిడెంటు జేమ్స్ మాడిసన్ కోసం ఒకటి తయారుచేసి, వెండికట్టు మీద ఆయన పేరూ, సంవత్సరమూ చెక్కించాడు.

మరుసటి యేడు ఆగస్టులో బ్రిటిష్ సేనలు వైట్‌హౌస్‌ను తగలబెట్టాయి. ఆనాడు ఈ మురళిని ప్రెసిడెంటు భార్య డాలీ మాడిసన్ కాపాడి వుంటుందని కొందరి వూహ. చేతులు మారి మారి చివరకది డేటన్ మిల్లర్ అనే భౌతికశాస్త్రాచార్యుణ్ణి చేరింది. ఆయన సేకరించిన సుమారు 1,700 మురళులూ 1941లో, ఆయన మరణానంతరం, లైబ్రరీకి దక్కాయి.

వాటిలో లారెంట్ చేసిన గాజు మురళులు మరికొన్ని వున్నాయి. కొంతకాలానికి వాటిలో కొన్ని మసకబారి, సన్నని బీటలు తీయసాగాయి. శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే, చాలావాటిలో వాడినది సీసం కలిసిన స్ఫటికపు గాజు కాదు, పొటాష్ గాజు అని తేలింది. తేమ తగిలితే అందులోని క్షారం మెల్లగా బయటికి వచ్చేస్తుంది. తేమను జయించాలని యెన్నుకున్న గాజును తేమే తినివేస్తున్నదన్నమాట! మాడిసన్ మురళి మాత్రం సీసపు గాజుది, అందుకే నిలిచింది.

2022 సెప్టెంబరులో లిజో అనే గాయని లైబ్రరీవారి అనుమతితో దీనిని వేలాది జనం ముందు వాయించింది. కొన్ని స్వరాలే, ఐనా సభ హోరెత్తింది. ఇంత అపురూపమైన వస్తువును రంగస్థలం మీదికి తేవచ్చునా అని కొందరు తప్పుపట్టారు.

ఆ భయం అర్థం లేనిది కాదు. జబ్బుపడిన తోటి మురళులకు వాయించేవారి వూపిరిలోని తేమ కూడా చేటే. కాని గట్టి గాజుతో చేసిన ఈ మురళి, పదిలంగా వుంచినవారి పుణ్యమా అని, ఇంకా పలుకుతున్నది. లారెంట్ ఆశించినది అదే కదా!