నీడచెట్లు

ఇంటికి తగిలే ఎండవేడిని తగ్గించుటకు ఆవరణలో పెంచే చెట్లను నీడచెట్లు అంటారు. వీటివలన పంకాలు, ఏసీల విద్యుత్ వాడకం తగ్గుతుంది.

దిక్కు

ఏలూరు జిల్లా (2022 వరకు కృష్ణా జిల్లా) లోని ముసునూరు సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే రెండవ వారం నుండి ఆగష్టు మొదటి వారం వరకు ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుచేత ఆ రోజులలో దక్షిణపు గోడపై ఎండ దాదాపు పడదు. ఉదయం తూర్పు గోడ, మధ్యాహ్నం పైకప్పు, సాయంత్రం పడమటి గోడ వేడెక్కుతాయి. సాయంత్రానికి గాలి కూడా వేడెక్కి ఉంటుంది కనుక పడమటి ఎండే ఎక్కువ బాధిస్తుంది. ఒక్క చెట్టుకే చోటుంటే దానిని పడమట నాటడం మేలు.

మామిడి

నూజివీడు ప్రాంతంలో విరివిగా పెరిగే మామిడి సతతహరితం. శీతల దేశాలలో చలికాలపు ఎండ కోసం ఆకురాల్చే చెట్లను ఎంచుకుంటారు. ఇక్కడ ఆ అవసరం తక్కువ. ఆకులనుండి నీరు ఆవిరి కావటం (బాష్పోత్సేకం) వలన పరిసరాల గాలి చల్లబడుతుంది. మామిడి కొమ్మలు విశాలంగా విస్తరిస్తాయి కనుక గోడకు ఆనించి నాటరాదు. తుఫాను గాలులకు విరిగి కప్పుపై పడే కొమ్మలను ముందే కత్తిరించాలి.

మొక్క నీడనిచ్చేంత ఎదగటానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు పందిరిపై పాకించిన బీర, సొర తీగలు పడమటి గోడను కాపాడుతాయి. ఇల్లు కట్టేటప్పుడు పడమటనున్న పాత చెట్టును నరకకుండా ఉంచుకుంటే ఆ ఏళ్ళు కలిసివస్తాయి.